ఎనిమిది గంటలు

కాగితం మీద నా గంటలు ఐదువందల తొంభై రెండు.
కావలసినవి ఆరువందలు.
ఫోనులో ఆవిడ గొంతు మెత్తగానే ఉంది,
ఉప్పుగాలి తగలని గొంతు.
"ఎనిమిది తక్కువండీ, మిసెస్ కీపింగ్."
నా ఒళ్ళో పదకొండు రోజుల పిల్లకి ఎక్కిళ్ళు.
ఒక్కో ఎక్కిలికీ ఒళ్ళంతా
గాలికి తలుపులా అదురుతోంది.

ఎనిమిది.
ఏ ఎనిమిది?
ఏప్రిల్లో రేవు నిండా మంచుపలకలు దిగి
పడవలు కదలని వారంలోవా?
బాయిలర్ చెడి మధ్యాహ్నానికే
మమ్మల్ని ఇంటికి తోలేసిన శనివారానివా?
ఏడో నెలలో, పీతల బల్లకి కడుపు అడ్డొచ్చి
పక్కకి తిరిగి నిలబడి
ఒంటి మోచేత్తో పనంతా లాక్కొస్తుంటే
సూపర్‌వైజరు హేడన్ బకెట్ బోర్లించి
"కూర్చో తల్లీ" అన్నాడే,
కూర్చున్న ఆ కాసేపూ కోసేశారా?

ఫారం ఇంకా చాలా అడిగింది.
పుట్టిన తేదీ. రాశాను.
పుట్టిన వేళ అడగలేదు. నాకు చెప్పాలని ఉండింది:
తెల్లవారుజామున నాలుగూ పది,
పొగమంచుకి ఫెర్రీ ఆగిపోయిన రాత్రి,
నర్సు ఒక్కతే, ఆమెకీ జలుబు.
బిడ్డ పేరు. ఇంకా పెట్టలేదు.
వెస్లీ వాళ్ళమ్మ పేరంటాడు,
నాకు ఆ పేరు వింటే వెన్ను నిటారవుతుంది.
గడి ఖాళీగా వదిలితే కంప్యూటర్ ముందుకు పోనివ్వదు.
అలా ఒక ఎర్ర గీత బెదిరింపుకి
మా పిల్లకి పేరు పెట్టేశాం,
ఆవిస్.
సెలవు ఎవరికెన్ని వారాలని ఇంకో గడి.
"పడవకి సెలవేంటి" అని
వెస్లీ బూట్లు వేసుకున్నాడు.

రేవు నోట్లో బోయాకి కట్టిన గంట
అలకొకసారి మోగుతుంది.
ఒంటిగంటకి లేచాను, మూడింటికి,
నాలుగున్నరకి, మళ్ళీ ఐదుకి.
ఫోనావిడకి ఈ గంటలూ చెబుదామనుకున్నాను.
నవ్వదు, మంచిదే.
వీటికి గడి లేదంటుంది, అంతే.

చివరికి ప్లాంటు ఆఫీసులో వెర్నా
పాత రిజిస్టరు బల్ల మీద పడేసింది.
మా ఊళ్ళో కీపింగ్ కానిది పాస్టరు ఒక్కడే.
డార్లీన్ కీపింగ్‌లం ఇద్దరం.
జూన్ పందొమ్మిది, రాత్రి షిఫ్టు, ఎనిమిది గంటలు,
రెండో డార్లీన్ లెక్కలో పడ్డాయి.
కొండ మీద పచ్చ ఇంటావిడ. అరవై రెండేళ్ళు.
మోకాళ్ళు అరిగిపోయాయి.
ప్లాంటు మూశాక చలికాలమంతా
ఆమె పొయ్యి వెలిగేదీ ప్రభుత్వం డబ్బుతోనే.
ఆమెకీ గంటలు కావాలి.

అడగడానికి పిల్లని మూడుసార్లు శాలువాలో చుట్టాను.
మూడుసార్లు విప్పాను.

నాలుగో రోజు ఆమే వచ్చింది,
బెల్లంపాకం రొట్టె, దాని కింద
వెన్న మరకతో సంతకం పెట్టిన కాగితం.
"పందొమ్మిదిన నేను బింగోలో ఉన్నాను.
ముప్ఫై డాలర్లు పోగొట్టుకున్నాను, ఊరంతా నవ్వింది.
వాళ్ళే సాక్షులు."
"మరి నీకు సరిపోతాయా?"
"బోలెడున్నాయిలే."
అంది గానీ నా వైపు చూడలేదు.
ఆవిస్ పిడికిలి విప్పి చూసింది.
"గోళ్ళు తియ్యి, ముఖం గీరుకుంటుంది."

సెప్టెంబరు చివర్లో మొదటి డబ్బు పడింది.
డైపర్లకి, హీటర్ నూనెకి పోగా
ఆ వారం మొదటిసారి రోడ్డు మీదకి కారు తీశాను.
మలుపు దగ్గర, చేపల తొట్టె బోర్లించి
ఎర్ర బెర్రీల సీసాలు పేర్చుకుని
మోకాళ్ళ మీద దుప్పటితో డార్లీన్.
అంత గాలిలో.
ఆ కొండ మీద బెర్రీలు వంగి ఏరాలి,
ఒక్కొక్కటీ.

నాలుగు సీసాలు తీసుకున్నాను.
యాభై ఇచ్చి, చిల్లర ఉంచమన్నాను.
పది డాలర్ల నోటు నా చేతిలో పెట్టి
వేళ్ళు మూసింది.
"ఇది బింగో కాదు," అంది.